తిరుగుబాటు వేషం: అడివి బాపిరాజు చారిత్రక నవలలు

విశ్వనాథ సత్యనారాయణ గారిని ఖండించటం మనవాళ్ళకు బాగా అలవాటైన పని. వేయిపడగలు పేరెత్తితే చాలు, మన వ్యాసకర్తల కలాలకు పదును వస్తుంది. అందులో పెద్ద కష్టం కూడా లేదు. వర్ణవ్యవస్థనూ జమీందారీనీ ఆయన చాటుమాటుగా మెచ్చుకోలేదు, బాహాటంగా వాదించి సమర్థించారు. ఎదురువాదం చెయ్యటానికి కావలసిన సరంజామా అంతా ఆయనే సమకూర్చి పెట్టారు.

అడివి బాపిరాజు దగ్గరకు వచ్చేసరికి మాత్రం అవే కలాలు మెత్తబడతాయి. "బాపిబావ" అంటాము. చిత్రకారుడంటాము, పాట పాడేవాడంటాము, జైలుకు వెళ్ళిన దేశభక్తుడంటాము. ఇవన్నీ నిజాలే. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీలో వేయిపడగలతో సమంగా బహుమతి పంచుకున్నది ఆయన నారాయణరావు. ఆ బహుమతిలో ఒక సగాన్ని మూడు తరాలుగా చీల్చి చెండాడిన మనం, రెండవ సగాన్ని పల్లెత్తు మాట అనకుండా వదిలిపెట్టాము. మంచి మనిషి కాబట్టి మంచి చరిత్ర రాసి ఉంటాడని కాబోలు మన నమ్మకం.

ఆ నమ్మకం తప్పని నా వాదన. బాపిరాజు చారిత్రక నవలల్లో తిరుగుబాటు అనేది ఎప్పుడూ వేషమే. ముసుగు తీస్తే లోపల సింహాసనానికి నమ్మినబంటు కనిపిస్తాడు. విశ్వనాథ వారు మన విద్యార్థిని తిరగబడవద్దంటారు. ఆ మాట విని వాడు నవ్వుతాడు. బాపిరాజు వాణ్ణి గుర్రమెక్కించి, కత్తి చేతికిచ్చి, తిరగబడ్డానన్న తృప్తి కలిగించి, చివరకు తీసుకువెళ్ళి దర్బారులో నిలబెడతాడు. వాడికి తెలియనే తెలియదు.

ఆయన జీవితాన్ని గురించి నాలుగు మాటలు చెప్పి అసలు విషయానికి వస్తాను. 1895లో భీమవరం ప్రాంతంలో పుట్టాడు. రాజమహేంద్రవరంలో కూల్డ్రే దొర శిష్యరికం, సహాయ నిరాకరణంలో జైలు, మద్రాసులో న్యాయశాస్త్రం, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రిన్సిపాలు పదవి, అనసూయ, ధ్రువవిజయం వంటి సినిమాలకు కళాదర్శకత్వం, 1940ల నడుమ హైదరాబాదులో మీజాను పత్రిక సంపాదకత్వం. 1952లో మరణం. ఈ జీవితంలో ఒక లక్షణం గమనించాలి. ఆయన వెళ్ళిన ప్రతి చోటా ఆంధ్రత్వాన్ని వెతికాడు. దొరికినప్పుడు బొమ్మగా చూశాడు.

ఇది ఆయన ఒక్కడికే పట్టిన జబ్బు కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టిన నాటి నుంచీ, 1910లో చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రము మొదటి సంపుటం వచ్చిన నాటి నుంచీ, చదువుకున్న తెలుగు మధ్యతరగతికి ఒక పూర్వవైభవం అవసరమైంది. మద్రాసులో అరవవారి పక్కన, కచేరీలో ఇంగ్లీషువాడి ముందు తల ఎత్తి నిలబడటానికి ఒక శాతవాహనుడూ ఒక కాకతీయుడూ కావలసి వచ్చారు. మండలి పోటీలు పెట్టి చారిత్రక నవలలు రాయించింది. ఆ కాలానికి అది ముందడుగే, కాదనను. పరాయి పాలనలో ఉన్న జాతి తన గతాన్ని తవ్వుకోవటం నేరమేమీ కాదు. అయితే ఆ తవ్వకంలో ఎవరి ఎముకలు బయటికి తీశారు, ఎవరివి మళ్ళీ పూడ్చిపెట్టారు అన్న ప్రశ్న మిగిలే ఉన్నది.

గోన గన్నారెడ్డి సంగతి చూద్దాము. బాపిరాజు నవలల్లో ఎక్కువమంది చదివినదీ, ఇప్పటికీ చదువుతున్నదీ ఇదే. 2015 అక్టోబరు 9న విడుదలైన రుద్రమదేవి సినిమా పుణ్యమా అని, నవల తెరిచి చూడనివాళ్ళకు కూడా గన్నారెడ్డి తెలంగాణ యాసతో సహా పరిచయమైనాడు. ఆ సినిమాకు తెలంగాణ ప్రభుత్వం వినోదపు పన్ను మినహాయించింది. 2017లో గౌతమీపుత్ర శాతకర్ణి సినిమాకు రెండు ప్రభుత్వాలూ మినహాయించాయి. ఏ చరిత్ర మీద పన్ను వెయ్యకూడదో మన ప్రభుత్వాలకు బాగానే తెలుసు.

నవలలో కథ ఒక పెళ్ళి ఊరేగింపుతో మొదలవుతుంది. ఆదవోని రాకుమారి అన్నాంబికను పెళ్ళాడబోతున్న వరదారెడ్డిని, ఊరేగింపు మీదపడి గన్నారెడ్డి ఎత్తుకుపోతాడు. పెండ్లికొడుకు తండ్రి లకుమయారెడ్డి గన్నారెడ్డికి పినతండ్రి; ఆడది గద్దె ఎక్కటం సహించలేక రుద్రమదేవి మీద కత్తిగట్టిన సామంతుడు. గన్నారెడ్డి లోకం దృష్టిలో గజదొంగ. నిజానికి చక్రవర్తిని పక్షం. అతను కొల్లగొట్టేదంతా రాణికి ఎదురుతిరిగిన సామంతుల సొత్తు. అడవులు, కోటలు, రాత్రి దాడులు, గుర్రపు డెక్కల చప్పుడు! ఈ ఘట్టాలు రాయటంలో బాపిరాజుకు సాటి వచ్చేవాడు తెలుగులో లేడు. పద్దెనిమిదేళ్ళ వయసులో ఆ నవల నేను ఒక్క రాత్రిలో చదివాను. అంచేతనే దాని శక్తి నాకు తెలుసు.

కాని ఈ కథ నడవాలంటే రచయిత ఒక పని తప్పనిసరిగా చెయ్యాలి. సామంతులు చక్రవర్తినిపై ఎందుకు తిరగబడ్డారన్న ప్రశ్నకు కుటిలత్వం, పురుషాహంకారం అని జవాబు చెప్పి ఊరుకోవాలి. పురుషాహంకారం ఉన్నదనటంలో సందేహం లేదు. శాసనాలలో ఆమె రుద్రదేవ మహారాజుగా మగపేరుతో కనిపిస్తుందంటేనే ఆ ఒత్తిడి ఎంతటిదో తెలుస్తుంది. కాని దాని వెనుక భూమి లేదా? పన్నులో వాటా లేదా? చెరువు కట్టించినవాడికి దశబంధంగా దక్కే మాన్యం లేదా? కాకతీయ రాజ్యం నడిచినది చెరువుల మీద, వాటి కింద సాగయిన భూమి మీద, ఆ భూమి శిస్తు మీద. మోటుపల్లి రేవు మీద. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం చదవండి. ఓడ పగిలితే సరుకంతా పాతరాజులు కాజేసేవారనీ, తాను సుంకం మాత్రమే తీసుకుంటాననీ పరదేశి వర్తకులకు ఆయన మాట ఇస్తున్నాడు. గంధం, కర్పూరం, ముత్యాలు, మిరియాలు, వేటికవే సుంకాలు రాసి పెట్టాడు. రాజ్యమంటే ఏమిటో ఆ రాతికి తెలిసినంతగా మన నవలకు తెలియలేదు.

కులం సంగతీ అంతే. కాకతీయులను కొన్ని శాసనాలు చతుర్థ కులజులని చెప్తాయి. మోటుపల్లి శాసనం వంటివి సూర్యవంశానికి ముడిపెడతాయి. ఒకే కుటుంబానికి రెండు పుట్టుకలు! వ్యవసాయదారుల్లోంచి కత్తి పట్టి పైకి వచ్చిన కొత్త పాలకవర్గం, పైకి వచ్చాక పాత వంశావళి కొనుక్కోవటం ఎంత గొప్ప కథ! సింథియా టాల్బట్ 2001లో ప్రచురించిన తమ గ్రంథంలో కాకతీయుల నాటి శాసనాలను లెక్కకట్టి మరీ చూపారు: పుట్టుకకంటే యుద్ధసేవ వల్ల హోదా సంపాదించుకున్న నాయకులు ఆ సమాజంలో ఎందరున్నారో. బాపిరాజు నాటికి ఇంత పరిశోధన లేదు, ఒప్పుకుంటాను. శాసనాలు మాత్రం ఉన్నాయి. ఆయనకు వాటిలో కావలసినవి పేర్లూ బిరుదులూ.

గన్నారెడ్డి పేరున్న శాసనం మరొకటి ఉన్నది. అది ఉండవలసినంతగా మన పాఠాలలో లేదు. 1294లో, ప్రతాపరుద్రుని కాలంలో, గన్నారెడ్డి సేనాని విఠలనాథుడు రాయచూరు కోట గోడ కట్టించాడు. ఆ సంగతి చెప్పే తెలుగు శాసనాన్ని నలభై అడుగులు దాటిన ఒకే ఒక్క బండ మీద చెక్కి గోడలో అమర్చారు. విశేషమేమిటంటే ఆ బండను ఎలా తెచ్చారో కూడా గోడ మీదనే బొమ్మగా గీశారు. బండి మీద బండరాయి, దాన్ని ఈడ్చే దున్నపోతుల బారు, వాటిని తోలే మనుషులు. పదమూడవ శతాబ్దపు శిల్పి ఒకడు తన యజమాని ప్రశస్తి పక్కనే తన తోటివాళ్ళ చాకిరీని గీసిపెట్టాడు. చిత్రకారుడైన బాపిరాజు గన్నారెడ్డి చుట్టూ అంత పెద్ద నవల అల్లి, ఆ దున్నపోతులను తోలినవాళ్ళకు ఒక్క అధ్యాయం ఇవ్వలేదు. నవలలో కోటలు కట్టి ఉంటాయి. గుర్రాలు మేసి ఉంటాయి. సైన్యాలు భోంచేసి ఉంటాయి.

గోనవారి వర్ధమానపురం ఇప్పటి పాలమూరు ప్రాంతంలోని వడ్డెమాను. పాలమూరు కూలీ అంటే దేశమంతటా తెలుసు. ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా మట్టి మోసినది వాళ్ళు. నా తరగతిలో ఆ ప్రాంతపు పిల్లవాడొకడు ఉండేవాడు. తాత వలస కూలీ, తండ్రి వలస కూలీ. గన్నారెడ్డి మీద వ్యాసం రాయమంటే "మా ప్రాంతపు వీరుడు" అని ఎనిమిది పేజీలు రాసుకొచ్చాడు. వాణ్ణి తప్పుపట్టే హక్కు నాకు లేదు. తాతల కథ చెప్పే పుస్తకం ఒక్కటైనా వాడి చేతికి మన పాఠ్యప్రణాళిక ఇచ్చిందా? రెడ్డిదొర కథ ఇచ్చి నీదే అన్నది, వాడు నమ్మాడు.

ఇక ఈ నవల పుట్టిన కాలం, చోటు చూస్తే నాకు ఇంకా బాధ కలుగుతుంది. నవల వెలువడినది నలభైలలో. ఆ దశాబ్దంలోనే బాపిరాజు హైదరాబాదు చేరి దినపత్రిక నడిపాడు. సంపాదకుడి బల్ల మీదికి రోజూ వార్తలు వస్తాయి. ఓరుగల్లుకు కూతవేటు దూరంలో జనగామ తాలూకా ఉన్నది. అక్కడి ఊళ్ళలో దేశముఖుల గడీలు, వెట్టి, దొరవారి గుర్రం ముందు పరుగెత్తే మనుషులు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం విస్నూరు దొరతో పోరాడుతున్నది. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకికి దొడ్డి కొమరయ్య బలి అయినాడు. ఆ నేల మీద గుర్రాలెక్కి రాత్రిపూట దాడిచేసే రెడ్డిదొరలు నిజంగానే ఉన్నారు. వాళ్ళు ఎవరి మీద పడుతున్నారో తెలుగుదేశమంతా చూస్తున్నది. గుర్రమెక్కిన దొర పేదల పాలిటి వీరుడుగా, సింహాసనపు రహస్య సేవకుడుగా, ఆడవారి మానరక్షకుడుగా కనిపించే కథ అప్పుడు కావలసి వచ్చినది ఎవరికి?

బాపిరాజు దేశముఖుల పక్షం అని నేననటం లేదు. అనేవాడు మూర్ఖుడు. ఆయన మనసు పేదల మీద ఉన్నదనటానికి నరుడు నవల సాక్ష్యం. పంచముల ఇంటి కుర్రవాణ్ణి నాయకుణ్ణి చేసి రాసినవాడాయన. కాని రచయిత మనసు ఎక్కడున్నదన్న దానికంటే ఆయన కథ ఎవరి పక్కన నిలబడిందన్నది మనకు ముఖ్యం. నరుడు రాసిన చేతితోనే ఓరుగల్లుకు పోయినప్పుడు ఆ కుర్రవాణ్ణి కోట వెలుపలే ఉంచేశాడు.

ఆ కాలానికి అంతకంటే చేతకాదు అని కొందరు పెద్దలు అంటారు. వాళ్ళకు సురవరం ప్రతాపరెడ్డి గారిని చూపిస్తాను. అదే హైదరాబాదు, అదే దశాబ్దం. ఆయనా పత్రికా సంపాదకుడే. ఆయనకూ ఆంధ్రాభిమానం ఏమీ తక్కువ లేదు. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఆయన రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి జనం ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలు ఆడారు, ఏ పన్నులు కట్టారు అని వెతికారు. పాల్కురికి సోమనాథుణ్ణి ముందు పెట్టుకున్నారు, క్రీడాభిరామాన్ని ముందు పెట్టుకున్నారు. వాటిలో ఓరుగల్లు వీధులు, పూటకూళ్ళ ఇళ్ళు, పాటకత్తెలు, గారడీవాళ్ళు దొరికారు. అదే సామగ్రి బాపిరాజు చేతికీ అందేదే. 1955లో తెలుగుకు వచ్చిన మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఈ పుస్తకానికే. సోమనాథుడు పుట్టిన పాలకుర్తీ, ఐలమ్మ పాలకుర్తీ ఒకటేనన్న సంగతిని ఏ చారిత్రక నవలాకారుడూ ఇంతవరకు వాడుకోలేదు.

హిమబిందు సంగతి కొంత వేరు. బాపిరాజు చారిత్రక నవలల్లో నేను ఎక్కువ గౌరవించేది దీన్నే. ధాన్యకటకం; ఎడ్లబండ్ల పందెం; వర్తక సార్వభౌముడు చారుగుప్తుని కూతురు హిమబిందు, శిల్పి ధర్మనంది కొడుకు సువర్ణశ్రీ, వీరిద్దరి ప్రేమ. కూతుర్ని సామ్రాజ్ఞిని చెయ్యాలని చారుగుప్తుడు పన్నాగం పన్నుతాడు. ఇక్కడ బాపిరాజు ఒక నిజాన్ని పట్టుకున్నాడు. సింహాసనానికి వెనుక డబ్బుసంచి ఉన్నది. శాతవాహన యుగానికి వర్తకశ్రేణులు ఆయువుపట్టు అని ఆయనకు తెలుసు. శిల్పిని కథానాయకుణ్ణి చెయ్యటం కూడా సాహసమే. ఈ మెప్పు ఆయనకు ఇవ్వాలి.

అయితే వెంటనే విషకన్య వస్తుంది, స్థౌలతిష్యుడి కుట్ర వస్తుంది, రాకుమారుడి ప్రాణగండం వస్తుంది. పట్టుకున్న నిజం చేజారుతుంది. బౌద్ధానికీ వైదికానికీ జరిగిన పెద్ద సంఘర్షణ ఒక వృద్ధ బ్రాహ్మణుని కక్షగా కుదించుకుపోతుంది. శిల్పి ప్రేమిస్తాడు, నిట్టూరుస్తాడు, పందెం గెలుస్తాడు. అతని చేతి మీద ఉలి చేసిన కాయ పాఠకుడికి ఎక్కడా తగలదు.

అమరావతి స్తూపపు రాళ్ళ మీద దాతల పేర్లున్నాయి. రాజులవి తక్కువ. గృహపతులు, వర్తకులు, భిక్షుణులు, సామాన్య స్త్రీలు ఎందరో. వారిలో విధికుడు అనే ఒక చర్మకారుడున్నాడు. నాగుడనే ఉపాధ్యాయుని కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు అందరినీ కలుపుకొని స్తూపానికి ఒక ఫలకం ఇచ్చాడు. దాని మీద చెక్కినది పూర్ణకుంభం. తోలుపని చేసేవాడి తండ్రి ఉపాధ్యాయుడట, వాడు ఇచ్చిన రాయి మహాచైత్యంలో భాగమట! ఒక నవలకు ఇంతకంటే ఏమి కావాలి? నరుడు రాసిన బాపిరాజుకు ఈ విధికుడు కనిపించలేదు. హిమబిందు మేడ కనిపించింది.

పూర్ణకుంభం తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నంలోకి ఎక్కింది. సినిమా విడుదలైన అక్టోబరు నెలలోనే, 2015 అక్టోబరు 22న, ఉద్దండరాయునిపాలెంలో కొత్త అమరావతికి శంకుస్థాపన జరిగింది. శాతవాహనుల వైభవం గురించి ఆనాడు ఎంత చెప్పారో గుర్తు చేసుకోండి. భూసమీకరణలో భూమి ఉన్నవాడికి ప్లాటు లెక్క, కౌలు లెక్క కట్టారు. ఆ పొలాలలో కలుపు తీసి బ్రతికిన కూలీ దగ్గరకు వచ్చేసరికి కాస్త పింఛను రాసి ఊరుకున్నారు. దీనికంతటికీ బాపిరాజు బాధ్యుడని నేననను. 1952లో పోయిన మనిషిని 2015కు పూచీ చెయ్యటం అన్యాయం. కాని ఒక ప్రభుత్వం శాతవాహనులు అనగానే జనం కళ్ళ ముందు మేడలూ తోరణాలూ వీణలూ మెదిలి, చర్మకారుడు విధికుడు మెదలకపోవటం ఉన్నదే, ఆ చూపుకు ఆయన చెయ్యి సాయం చాలా ఉన్నది.

అడివి శాంతిశ్రీ గురించి ఎక్కువ చెప్పను. నాగార్జునకొండ శాసనంలో ఆమె ఇక్ష్వాకు రాజు శాంతమూలుని కూతురు, ధనక వంశపు మహాసేనాపతి భార్య. రాచకూతుర్ని సేనానాయకుడికి ఇచ్చి రాజ్యం కాపాడుకునే ఏర్పాటు అది. బాపిరాజు దానికి ప్రేమ పూత పూశాడు. అంశుమతిలోనూ రాజకీయం మీద పరిచిన పట్టుబట్ట అదే. నాగార్జునకొండ లోయ తరువాత సాగర్ నీటిలో మునిగింది. శిల్పాలను జాగ్రత్తగా కొండ మీదికి చేర్చారు. లోయలోని లంబాడీలను ఎక్కడికి చేర్చారని అడిగిన నవల మనకు లేదు.

ఆయన స్త్రీపాత్రల మాటేమిటని మిత్రులు అడుగుతారు. రుద్రాంబ కత్తి తిప్పుతుంది, అన్నాంబిక మగవేషం వేస్తుంది, ఇది అభ్యుదయం కాదా? మగవేషం అన్న మాటలోనే జవాబున్నది. నవలలో ఆ వేషం తీసేనాటికి ఎదురుగా వరుడు సిద్ధంగా ఉంటాడు. చరిత్రలోని రుద్రమదేవి 1262 నుంచి 1289 దాకా రాజ్యం చేసింది. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఒకటి ఉన్నది. కాకతి రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకప్రాప్తి కలిగినందుకు పుణ్యంగా పువ్వుల ముమ్మడి అనే సేవకుడు భూమి దానం చేశాడు. రాణీ, సేనానీ ఒకే మారు చనిపోయారంటే అది యుద్ధమేననీ, ఎదురు నిలిచినవాడు కాయస్థ అంబదేవుడై ఉంటాడనీ చరిత్రకారులు ఊహిస్తున్నారు. వయసు మీరిన రాణి, చేజారుతున్న సామంతులు, దండులో ఆమె వెంట నడిచిన ఒక చిన్న ఉద్యోగి. అంబదేవుడి తిరుగుబాటు వేషం కాదు. ముసుగు తీస్తే అక్కడ రాజభక్తి దొరకదు. బాపిరాజు కథ ఆ సంవత్సరం దాకా రాదు. రాదు గనుకనే అది అంత హాయిగా ఉంటుంది.

చారిత్రక నవలే వద్దని నా వాదన అనుకుంటారేమో. తెన్నేటి సూరి గారి చెంఘిజ్ ఖాన్ మన ముందున్నది. లోకమంతా రాక్షసుడన్న మనిషిని తీసుకొని, ఎడారి తెగలు ఎందుకు కలిశాయి, ఎందుకు కదిలాయి అన్న ప్రశ్నతో కథ నడిపారు. అందులోనూ గుర్రాలు పరుగెత్తుతాయి. వాటిని పెంచినవాళ్ళు కూడా కనిపిస్తారు.

బాపిరాజును సిలబసు నుంచి తీసెయ్యమని ఎవరైనా తీర్మానం పెడితే నేను ఎదురు ఓటు వేస్తాను. గోన గన్నారెడ్డి చదవకుండా తెలుగు యువకుడి ఊహాలోకం అర్థం కాదు. ఈ యేడు నవల పాఠం మొదలుపెట్టే ముందు రాయచూరు గోడ మీది బండి బొమ్మ నకలు తెప్పించి తరగతి గోడకు అంటించాను. మొదటి గంటలోనే ఒక పిల్ల లేచి, ఆ తోలేవాళ్ళ పేర్లు శాసనంలో ఉన్నాయా మాస్టారూ అని అడిగింది. గన్నారెడ్డి పేరూ విఠలనాథుని పేరూ ఉన్నాయని చెప్పాను.